ఏ-ఫ్రేమ్ కేబిన్ కట్టుకోవచ్చా? కట్టుకోవచ్చు, ముందు సెక్షన్ గీయించండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవుతో ఏ-ఫ్రేమ్ కేబిన్, అంటే వాలు కప్పే నేలదాకా దిగి పక్క గోడలుగా నిలిచే త్రిభుజం ఇల్లు, కట్టాలనుకుంటున్నారు. కింద హాలు, వంటగది, బాత్రూమ్. పైన అటక మీద రెండు పడక గదులు. ముందు ముఖమంతా గాజు, కప్పుకి నల్ల రేకు. సెలవులకి వెళ్లి రావడానికి కాదు, ఏడాది పొడవునా ఉండటానికి. మీ ఇంజనీరేమో "చూడ్డానికే బాగుంటుంది, ఉండటానికి తలనొప్పి" అన్నారు. ఆయన మాట వినాలా, ఆన్‌లైన్‌లో దొరికే కిట్ (ముందే కోసి పెట్టిన భాగాల సెట్టు) కొనేయాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. కట్టుకోవచ్చు, కానీ ఈ కొలతలతో వద్దు. 20 అడుగుల వెడల్పులో త్రిభుజాన్ని నేలదాకా దించితే పైన రెండు గదులు కాదు కదా, ఒక మనిషి నిటారుగా నిలబడి చొక్కా వేసుకునే చోటు కూడా ఉండదు. వెడల్పు 24 అడుగులకి పెంచండి. లేదా అదే 20 అడుగులు ఉంచి, కప్పుని మూడున్నర అడుగుల పొట్టి గోడల మీద కూర్చోబెట్టండి. ఏది చేసినా, హాలు మీద కప్పుదాకా ఖాళీ వదలాలంటే పైన ఒక్క మంచి పడక గదే వస్తుంది. రెండోది కిందికి దించాల్సిందే. మీ ఇంజనీరు మాట సగం నిజం: తలనొప్పి ఉంది, మందు కూడా ఉంది.

నేను చెక్క కట్టడాల డిజైన్ చేయబట్టి 20 ఏళ్లు దాటింది. అందులో ఏ-ఫ్రేమ్‌లు తొమ్మిది. వాటిలో మూడింటి దగ్గరికి వెళ్లాలంటే ఇప్పటికీ మొహమాటమే. కింద రాసినదాంట్లో చాలావరకు ఆ మూడూ నేర్పినవే.

ముందు సెక్షన్, తర్వాతే ప్లాన్

మామూలు ఇంటికి ప్లాన్ చూస్తే చాలావరకు విషయం తెలిసిపోతుంది. ఏ-ఫ్రేమ్‌కి ప్లాన్ చూస్తే మోసపోతాం. 20కి 30 అంటే 600 చదరపు అడుగులు అని ప్లాన్ చెప్తుంది. ఇంటిని అడ్డంగా కోసినట్టు గీసే సెక్షన్ మాత్రం అసలు సంగతి బయటపెడుతుంది.

ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. కప్పు వాలు 60 డిగ్రీలు అనుకుంటే, ప్రతి అడుగు ఎత్తుకి కప్పు దాదాపు 7 అంగుళాలు లోపలికి వస్తుంది, రెండు వైపులా కలిపితే 14. ఆరున్నర అడుగుల ఎత్తులో మీ 20 అడుగుల వెడల్పు పన్నెండున్నర అవుతుంది. ఇది బయటి గీత మాత్రమే. వాసం, దాని మీద ప్లైవుడ్, లోపల వేసే చెక్క పలకలు అన్నీ కలిపి మందం 10 అంగుళాలు అనుకుందాం. వాలుగా ఉంది కాబట్టి అడ్డంగా కొలిస్తే ఆ 10 కాస్తా పదకొండున్నర అవుతుంది. రెండు వైపులా కలిపి 23 అంగుళాలు పోయాయి. తల తగలకుండా నడవడానికి మిగిలేది పదిన్నర అడుగుల వెడల్పు. అంటే 600 చదరపు అడుగుల్లో 317.

ఇప్పుడు అటక ఎక్కుదాం. అటక నేల ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో ఉందనుకోండి. దాని మీద ఆరున్నర అడుగుల మనిషెత్తు అంటే నేల నుంచి 15 అడుగులు. ఆ ఎత్తులో బయటి గీతల మధ్య దూరం 32 అంగుళాలు. అందులోంచి 23 తీసేయండి. తొమ్మిది అంగుళాలు! పైన పడక గది అని ప్లాన్‌లో రాసినచోట నిలబడటానికి ఉన్నది కొప్పు (రెండు వాలులూ పైన కలిసే అంచు) కింద జానెడు మందం సందు. నా మొదటి ఏ-ఫ్రేమ్‌లో సరిగ్గా ఇదే తప్పు చేశాను. బయటి గీతతో లెక్క వేసి, లోపలి మందం మర్చిపోయాను. ఆ ఇంటివాళ్లు పదేళ్లుగా మంచం మీదికి మోకాళ్ల మీద పాకుతూ వెళ్తున్నారు. పాపం ఏమీ అనరు, అదే ఇబ్బంది.

అదే వెడల్పు 24 అడుగులైతే పైన నిలబడే చోటు దాదాపు నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు వస్తుంది. మధ్యలో నడిచి, రెండు పక్కలా మంచం, అరలు పెట్టుకోవచ్చు. 20 అడుగులే ఉంచి మూడున్నర అడుగుల గోడ మీద కప్పు పెట్టినా అంతే వస్తుంది, కొప్పు ఎత్తు కూడా రెండు పద్ధతుల్లో ఒకటే, సుమారు 21 అడుగులు. మూడున్నర అడుగుల గోడ నాలుగు అడుగుల వెడల్పుతో సమానం అన్నమాట. స్థలం ఇరుకైతే గోడ, విశాలంగా ఉంటే వెడల్పు.

అమెరికా నివాస గృహాల కోడ్‌లో వాలు కప్పు గదులకి మంచి నియమం ఉంది. 5 అడుగుల కంటే తక్కువ ఎత్తున్న చోటుని గదికి కావలసిన విస్తీర్ణంలో లెక్కపెట్టరు. కావలసిన దాంట్లో కనీసం సగానికి 7 అడుగుల ఎత్తు ఉండాలి. మీ దగ్గర ఏ రూలు ఉన్నా, లేకపోయినా, ఈ కొలబద్ద పెట్టి మీ సెక్షన్‌ని ఒకసారి చూసుకోండి.

కాగితం మీద నమ్మకం కుదరకపోతే స్థలంలో రెండు పొడుగు కర్రలు పాతి, వాటి మీదుగా తాడుని 60 డిగ్రీల వాలులో రెండు వైపులా లాగి కట్టండి. ఇంట్లో అందరికంటే పొడుగాయన్ని దాని కింద తిరగమనండి. ఒక గంట పని. నేను ఇప్పుడు ఇది చేయించకుండా ఎవరికీ డ్రాయింగు ఇవ్వట్లేదు.

అసలు ఈ ఆకారం ఎవరి కోసం పుట్టింది?

ఇది తెలిస్తే మిగతావన్నీ అర్థమవుతాయి. ఆధునిక ఏ-ఫ్రేమ్‌కి మొదటిదిగా చాలామంది చెప్పేది కాలిఫోర్నియాలో లేక్ యారోహెడ్ దగ్గర ఆర్కిటెక్ట్ రుడాల్ఫ్ షిండ్లర్ 1934లో డిజైన్ చేసిన కేబిన్. అక్కడి కాలనీ నియమం ప్రకారం ఇళ్లన్నీ ఫ్రాన్స్‌లోని నార్మన్ శైలిలో ఉండాలట. షిండ్లర్ నేలదాకా దిగే నిటారు కప్పు గీసి, ఇదీ ఆ శైలే అని ఒప్పించాడు. అంటే ఈ ఆకారం పుట్టడమే ఒక రూలుని తెలివిగా దాటడంతో! తర్వాత 1955లో ఆండ్రూ గెల్లర్ అనే డిజైనర్ లాంగ్ ఐలాండ్ సముద్రతీరంలో కట్టిన ఏ-ఫ్రేమ్ పత్రికలకెక్కింది. ఆ 50లు, 60లలో అమెరికాలో ప్లైవుడ్ చవక, సెలవులు ఎక్కువ, కిట్‌లు కొని సొంతంగా బిగించుకునే మోజు కొత్త. కొండల్లో, సరస్సుల ఒడ్డున ఇవి కుప్పలుగా లేచాయి.

వాటిలో ఎక్కువ భాగం శని, ఆదివారాల ఇళ్లు. రెండు రాత్రులు వంగి నడవడం సరదాగానే ఉంటుంది. బట్టల బీరువా అక్కర్లేదు, సామాను ఒక సంచీలో ఉంటుంది. మీరు అదే ఆకారంలో 365 రోజులు ఉండాలంటున్నారు.

ఏళ్ల తరబడి నిటారు కప్పుల కింద బతికినవాళ్లు ఏం చేశారో చూడండి. జపాన్‌లో షిరకావా-గో ఊళ్లో గాష్షో ఇళ్లున్నాయి. చేతులు జోడించినట్టుండే కప్పులని ఆ పేరుకి అర్థం. 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. వాటి కప్పు వాలు దాదాపు 60 డిగ్రీలు. కానీ మనుషులు ఉండేది కింద, నిలువు గోడలున్న అంతస్తులో. వాలు కప్పు కింది అంతస్తులు పట్టుపురుగుల పెంపకానికి. పట్టుపురుగుకి తల తగలదు కదా!

కొత్తగా ఈ ఆకారాన్ని మార్చి చూస్తున్నవాళ్లు కూడా ఏదో ఒకచోట త్రిభుజాన్ని విరగ్గొడుతున్నారు. 2018లో డెన్మార్క్ ఆర్కిటెక్ట్ బ్యార్కె ఇంగెల్స్ సంస్థ న్యూయార్క్ రాష్ట్రంలో కట్టిన ఏ45 అనే చిన్న కేబిన్ 180 చదరపు అడుగులే. చతురస్రం మీద కప్పుని 45 డిగ్రీలు తిప్పి, లోపల ఎత్తుని 13 అడుగులకి లేపారు. అందంగా ఉంది. కానీ ప్రతి అతుకూ ఏటవాలు కోణంలోనే వస్తుంది. ఆ పని తెలిసిన వడ్రంగి దొరికితేనే అలాంటిది ఆలోచించండి. మామూలు మనిషికి పొట్టి గోడే సులువు. ఒకవైపు వాలు ఎక్కువ, ఇంకోవైపు తక్కువగా చేసే పద్ధతి కూడా ఉంది, అది ఇంకో రోజు చెప్పుకుందాం.

త్రిభుజం బలమైనదే, పాదాలు కట్టేసి ఉన్నంతసేపు

వాసాల జత నిచ్చెన లాంటిది. కాళ్లు జారకుండా తాడు కట్టి ఉంటే నిలబడుతుంది. ఏ-ఫ్రేమ్‌లో ఆ తాడు పని చేసేది నేల దూలాలు. 60 డిగ్రీల వాలులో ఒక్కో జత మీద పడే మొత్తం బరువులో ఏడో వంతు దాకా పాదాలని బయటికి తోస్తుంది. మామూలు 30 డిగ్రీల కప్పుతో పోలిస్తే ఇది మూడో వంతే, అందుకే ఏ-ఫ్రేమ్ తేలిగ్గా నిలబడుతుంది. తేలిక అని నిర్లక్ష్యం చేస్తే ఊరుకోదు.

ఒకచోట ఇంటాయన హాలు మధ్యలో గొయ్యిలా కిందికి దిగి కూర్చునే సీటింగ్ కావాలన్నారు. పాత అమెరికన్ పత్రికల్లో చూశారట. నేను సైటుకి వెళ్లని వారంలో వడ్రంగి మూడు నేల దూలాలు కోసేశాడు. నేను ఆ తర్వాత చూసి, "చుట్టూ ఫ్రేమ్ వేశాం కదా, చాల్లే" అనుకున్నాను. అది నా తప్పే. రెండేళ్లకి ఆ మూడు జతల పాదాలు అర అంగుళం చొప్పున బయటికి జరిగాయి. పైన కొప్పు రేకు ఆ మేరకు కుంగి అతుకు తెరుచుకుంది. వాన నీళ్లు సరిగ్గా ఆ గొయ్యిలోకే కారాయి. చివరికి గొయ్యి అడుగు నుంచి స్టీలు కడ్డీలు ఈ పాదం నుంచి ఆ పాదానికి వేసి, టర్న్‌బకిల్‌తో (తిప్పితే కడ్డీని బిగించే మర) బిగించాం.

ఇప్పుడు పొట్టి గోడ సంగతి. నేను సిఫారసు చేసిన ఆ మూడున్నర అడుగుల గోడే అసలు ఇంజనీరింగ్ సమస్య తెచ్చిపెడుతుంది. వాసం పాదం నేల దూలాన్ని వదిలి గోడ నెత్తికెక్కింది. బయటికి తోసే ఆ బలం, అంటే తోపు, ఇప్పుడు గోడ పైఅంచు మీద పడుతుంది, గోడ బయటికి వాలిపోవాలని చూస్తుంది. చాలా కిట్‌లలో "ఎత్తు పెంచుకునే ఆప్షన్" అని ఇచ్చి ఈ విషయం గురించి నోరెత్తరు.

దారులు మూడున్నాయి. గోడనీ వాసాన్నీ కలిపి వంచిన స్టీలు ఫ్రేములుగా చేయించడం ఒకటి. గోడ లోపల ఉంచి, వాసాలని మాత్రం బయట నేలదాకా దించడం రెండోది. చూడ్డానికి ఇదే అందరికంటే బాగుంటుంది, కానీ బయట తడిసే ఆ చెక్క కాళ్లని బతికించుకోవడం పెద్ద పని. మూడోది నాకు ఇష్టమైనది: కొప్పు దూలాన్ని నిజంగా బరువు మోసే దూలంగా పెట్టి, దాని కింద నిట్టాళ్లు నిలబెట్టడం. రెండు చివర్లా ఒక్కొక్కటి, మధ్యలో ఒకటి. అప్పుడు వాసాలు పైన దూలానికి వేలాడుతూ కింద గోడ మీద ఆనుతాయి, పక్కకి తోయాలన్న అవసరమే ఉండదు. హాలు మధ్యలో స్తంభమా అని అందరూ ముఖం చిట్లిస్తారు. ఏడాది తిరిగేసరికి దానికే దీపం, చొక్కాలు, పిల్లల ఎత్తు కొలిచిన గీతలు అన్నీ చేరతాయి.

అటక దూలాల గురించి ఒక అపోహ ఉంది. అవి వాసాలని లోపలికి లాగి పట్టుకుంటాయని అనుకుంటారు. పాదాలు గట్టిగా కట్టి ఉంటే జరిగేది దీనికి విరుద్ధం. వాసాలు మధ్యలో లోపలికి వంగాలని చూస్తాయి, అటక దూలం వాటి మధ్య అడ్డుకర్రలా నలుగుతుంది. దానికి తోడు అటక మీది మనుషుల బరువంతా ఆ అతుకు మీదే. అక్కడ మేకులు పనికిరావు, బోల్టులే వేయాలి, ఎన్ని, ఏ సైజు అన్నది లెక్క కట్టి తీరాలి. మెట్ల కోసం అటక దూలం కోయాల్సి వస్తే ముందే డ్రాయింగులో ఉండాలి.

పొడుగు దిక్కున వచ్చే గాలిని కూడా మర్చిపోకండి. ముందు ముఖం, వెనక ముఖం ఆ గాలికి ఎదురుగా అడ్డంగా నిలబడేవి కాబట్టి, గాజైనా గోడైనా, ఇల్లు ఒరగకుండా అవి ఆపలేవు. వాసాల మీద పలకలు మాత్రమే కొట్టి వదిలేస్తే వరసగా నిలబెట్టిన పుస్తకాల్లా అన్నీ ఒకవైపుకి ఒరగాలని చూస్తాయి. వాలు మొత్తానికి ప్లైవుడ్ వేసి దగ్గరదగ్గరగా మేకులు కొట్టిస్తే ఆ రెండు వాలులే ఇంటిని పొడుగునా పట్టి ఉంచుతాయి. ఖర్చు తగ్గించమంటే చాలామంది మొదట తీసేసేది ఇదే.

ఖర్చు అంటే గుర్తొచ్చింది. "గోడలు లేవు కాబట్టి సామాను తక్కువ" అంటారు. మీ కొలతలతో లెక్క వేశాను. రెండు వాలులు, రెండు ముఖాలు కలిపి దాదాపు 1,550 చదరపు అడుగులు. అదే 20కి 30 స్థలంలో 9 అడుగుల ఎత్తు మామూలు డబ్బా ఇల్లు కడితే గోడలు, చదును కప్పు కలిపి 1,500. లోపలి గాలి పరిమాణం కూడా ఇంచుమించు సమానమే. మిగిలేదేమీ లేదు, నిలబడే చోటు మాత్రం సగానికి తగ్గింది. ఆకారం నచ్చి కట్టుకోండి, పొదుపు అనుకుని మాత్రం వద్దు.

వేడి

వేడి గాలి పైకి పోతుంది, ఏ-ఫ్రేమ్ ఆ గాలికి గరాటులా దారి చూపిస్తుంది, ఆ గరాటు కొనలో మీరు పడుకుంటున్నారు. నేను కట్టిన ఒకదాంట్లో మధ్యాహ్నం మూడింటికి కింద 28 డిగ్రీలు, అటక మీద 36. కొప్పు కింద రెండు ముఖాల్లోనూ తెరిచే కిటికీలు పెట్టాక అదే సమయానికి అటక 31కి దిగింది. రెండు ముఖాల్లోనూ, వీలైనంత పైన, తెరుచుకునే కిటికీ లేకుండా అటక మీద పడక గది పెట్టొద్దు. అంత పైన ఉన్నదాన్ని తెరవడానికి పొడుగు కడ్డీ హ్యాండిలో, మోటారో ముందే ఆలోచించండి. చేతికందని కిటికీని ఎవరూ తెరవరు. చలికాలంలో సమస్య తలకిందులవుతుంది. వేడంతా పైనే ఉంటుంది, కింద కాళ్లు చల్లబడతాయి. నెమ్మదిగా తిరిగే ఫ్యాను ఒకటి పొడుగు రాడ్‌తో వేలాడదీస్తే ఆ గాలిని కిందికి తోస్తుంది.

మీ నల్ల రేకు ఫొటోల్లో బాగుంటుంది. కానీ దాని కింద గాలి సందు తప్పనిసరి. చూరు దగ్గర గాలి లోపలికి, కొప్పు దగ్గర బయటికి, మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒకటి రెండు అంగుళాల దారి. వాసాల మధ్య ఇన్సులేషన్‌ని (వేడిని, చలిని ఆపే మెత్త) కుక్కి ఆ దారి మూసేస్తే రెండు నష్టాలు. రేకు వేడి నేరుగా లోపలికొస్తుంది. చలికాలం లోపలి తేమ చల్లని ప్లైవుడ్‌కి తగిలి నీరై కూర్చుంటుంది, చెక్క లోపల్లోపలే పుచ్చుతుంది, బయటికి ఏమీ కనిపించదు. నేను కట్టిన ఒక ఇంటిని మరమ్మతుకి విప్పినప్పుడు ప్లైవుడ్ నల్లగా, మెత్తగా వేలితో గుచ్చితే దిగబడింది. చలి ప్రాంతమైతే లోపలి వైపు ఆవిరిని ఆపే షీటు కూడా వేయాలి, అతుకులన్నీ టేపుతో మూయాలి.

ఇంటి దిక్కు కూడా ఇక్కడే తేలుతుంది. గాజు ముఖం తూర్పుకో పడమరకో పెడితే పొద్దునో సాయంత్రమో వంగిన ఎండ నేరుగా హాల్లోకి దూరుతుంది, దానికి ఏ చూరూ అడ్డం రాదు. గాజుని ఉత్తర, దక్షిణాలకి పెట్టండి. అప్పుడు తూర్పు, పడమర ఎండ వాలుల మీద పడుతుంది, అక్కడ ఇన్సులేషన్ ఉంది కాబట్టి పర్వాలేదు. కప్పు వాలుని గాజు ముఖం కంటే నాలుగు అడుగులు ముందుకి సాగదీస్తే ఎండకీ, వానకీ, ముందు కూర్చోవడానికీ పనికొస్తుంది.

నీళ్లు

60 డిగ్రీల కప్పు మీద నీళ్లు నిలవవు, అది నిజం. దూకుతాయి. చూరు అంచున నీళ్లు పట్టే మామూలు గట్టర్ పెడితే జోరు వానలో నీళ్లు దాని మీదుగా ఎగిరి అవతల పడతాయి. కొన్నాళ్లకి గట్టర్ వంకర తిరగడం తప్ప ఉపయోగం ఉండదు. నేను గట్టర్ మానేసి, చూరు కింద నేలలో కంకర నింపిన కాలువ తీయిస్తున్నాను. కంకర చిందుని కూడా మింగుతుంది. వాసం పాదం నేలకి కనీసం అడుగు ఎత్తులో, స్టీలు తొడుగులో కూర్చోవాలి. నేలకి ఆనిన చెక్క చెదలకి పిలుపు. "త్రిభుజం నేలని తాకినట్టుండాలి" అని పట్టుబట్టేవాళ్లకి రేకుని ఇంకాస్త కిందికి దించి అలా కనిపించేలా చేయొచ్చు. చెక్క మాత్రం పైనే ఆగిపోవాలి.

వాలులోంచి కిటికీ పొడుచుకొచ్చేలా డార్మర్ పెట్టిస్తే అటక మీద చోటు బాగా పెరుగుతుంది. నేనూ పెట్టాను. తొమ్మిది ఇళ్లలో కారిన ప్రతి ఇంట్లోనూ, ఆ గొయ్యి ఇల్లు తప్పిస్తే, కారింది డార్మర్ పక్కన రెండు వాలులు కలిసే పల్లం దగ్గరే. పెడితే ఒక్కటే పెట్టండి, ఫ్లాషింగ్ (అతుకుల్లో నీళ్లు దూరకుండా వేసే రేకు పట్టీల) పని చేతిలో ఉన్నవాళ్లతోనే చేయించండి.

మంచు పడే చోటైతే మీ అదృష్టం. యూరప్ కట్టడాల నియమావళి యూరోకోడ్ లెక్కలో 60 డిగ్రీలు, ఆపైన వాలులో మంచు జారడానికి అడ్డేమీ లేకపోతే దాని బరువు సున్నా. కానీ జారిన మంచంతా పక్కనే గుట్టపడుతుంది. పక్క వాలులో తలుపు పెట్టొద్దు.

గాజు

త్రిభుజాకారపు అద్దాలు తెరుచుకోవు, పరదాలు పట్టవు, పగిలితే అంగడిలో దొరకవు. టఫెన్ చేసిన (వేడి చేసి గట్టిపరిచిన) గాజుని తర్వాత కోయలేరు, ఒక్క అంచు అరగదీయబోయినా ముక్కలైపోతుంది. అందుకే డ్రాయింగు చూసి ఆర్డర్ ఇవ్వకండి. 20 అడుగుల వాసం అర డిగ్రీ తేడాగా నిలబడితే కొన దగ్గర రెండు అంగుళాలు తప్పుతుంది. ఫ్రేము నిలబెట్టాక, పైన రేకు బరువు కూడా పడ్డాక, పలుచటి ప్లైవుడ్‌తో అచ్చు తీసి పంపండి. గాజుకీ వాసానికీ మధ్య సందు వదిలి మెత్తటి సీలు పెట్టించండి. చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. ఆ కదలిక గాజు మీద పడకూడదు. నేనైతే కింద 7 అడుగుల దాకా మామూలు స్లైడింగ్ తలుపులు పెట్టి, పై త్రిభుజం ఒక్కటే ప్రత్యేకంగా చేయిస్తాను. చూడ్డానికి తేడా తెలియదు.

లోపల బతకడం

వంటగదిని వాలు పక్కన పెడితే పైన అల్మరాలు పెట్టలేరు. పోపు చూడటానికి ముందుకి వంగితే నుదురుకి అర అడుగు దూరంలోనే కప్పు. వెనక ముఖం గోడకో, మధ్య అడ్డుగోడకో ఆనించండి. ఆరడుగుల ఫ్రిజ్‌ని వాలుకి ఆనిస్తే దాని వెనక మూడున్నర అడుగుల చీకటి మూల మిగులుతుంది. ఆ మూలలని వదిలేయకుండా పొడుగునా లాగే సొరుగులు చేయించండి. బీరువాలన్నీ అందులోకే పోతాయి.

బాత్రూమ్‌లో ఒక చిత్రం చెప్తాను. ఒకరింట్లో వాష్ బేసిన్ పైన అద్దాన్ని వాలుకే బిగించారు. వాలు మన మీదికి ఒరిగి ఉంటుంది కదా, ఆయన గడ్డం గీసుకోవడానికి అద్దంలోకి చూస్తే ముఖం బదులు కాళ్లు కనిపించాయట. నాకు ఫోన్ చేసి తిట్టారు. బేసిన్ నిలువు గోడకే రావాలి. షవర్, కమోడ్ ముందు నిలబడే చోటు, మెట్ల మీద తల ఎత్తు, ఇవి మూడూ కొప్పు కిందనుండే నడిమి పట్టీ కోసం కొట్టుకుంటాయి. కాబట్టి ప్లాన్ గీసేటప్పుడు ముందు వీటికి చోటిచ్చి, మిగిలింది హాలుకి ఇవ్వండి. కరెంటు పైపులు, నీళ్ల పైపులు పోవడానికి నిలువు గోడలు తక్కువ. నేల కిందనుంచి పోయేలా ముందే దారి వదలండి.

అటక తెరిచి ఉంటే కింద టీవీ శబ్దం, వంట వాసన అన్నీ పైకే. రేకు మీద వాన చప్పుడు కొందరికి జోల, కొందరికి టెన్షన్. మీరు ఎవరో మీకే తెలియాలి.

మంటలు. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పొగ కూడా వేడి గాలిలాగే ముందు అటకకే చేరుతుంది, మెట్లు ఒకటే ఉంటాయి. పైన పడుకునేవాళ్లకి బయటికి దూరగలిగేంత పెద్దగా తెరుచుకునే కిటికీ ఉండాలి. త్రిభుజం గాజు అందుకు పనికిరాదు. పొగ అలారం కిందొకటి, కొప్పు దగ్గరొకటి.

ఇక కిట్ గురించి. కొనొచ్చు, నాకేమీ వ్యతిరేకత లేదు. కొనేముందు అమ్మేవాళ్లని నాలుగు అడగండి. ఏ గాలి వేగానికి, ఎంత మంచు బరువుకి లెక్క కట్టారు? లోపలి పలకల దగ్గర్నుంచి కొలిస్తే అటక మీద ఆరున్నర అడుగుల ఎత్తులో వెడల్పెంత? పాదం దగ్గర, అటక దూలం దగ్గర అతుకుల డ్రాయింగులు ఇస్తారా? పొట్టి గోడ ఆప్షన్ ఉంటే ఆ తోపుని ఎవరు మోస్తున్నారు? వచ్చిన సమాధానాలు మీ ఇంజనీరు ముందు పెట్టండి. ఆయన అనుమానపడే మనిషిలా ఉన్నారు, ఈ పనికి అలాంటివాళ్లే కావాలి. సెక్షన్ గీయించాక కొలతలతో సహా ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.